పిల్లల అత్యవసర వైద్యంలో చికిత్సామార్గాలు: క్రమం, స్థలం, మాట

వ్యాససంగ్రహం:
అత్యవసర విభాగానికి వచ్చిన బిడ్డ విషయంలో వైద్యులకు తెలిసినదానికీ, సమయానికి జరిగినదానికీ మధ్య ఏర్పడే దూరాన్ని తగ్గించే లిఖిత సాధనం చికిత్సామార్గం. మలావీ, న్యూయార్క్, తూర్పు ఆఫ్రికా అనుభవాల ఆధారంగా దాని స్వరూపాన్నీ, ప్రయోజనాన్నీ, పరిమితినీ వివరించడం, తెలుగు ప్రాంతాలలో దానిని అనుసరించేటప్పుడు స్థానిక వ్యాధులకూ తెలుగు మాటకూ ఇవ్వవలసిన స్థానాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చికిత్సామార్గం, అత్యవసర శిశువైద్యం, ట్రయాజ్, ఎటాట్, ఫీస్ట్ అధ్యయనం, తేలు విషం, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ఒక ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగంలో రాత్రి రెండు గంటల వేళ రెండేళ్ల బిడ్డను భుజాన వేసుకొని ఒక తల్లి నిలబడి ఉన్న సందర్భాన్ని ఊహించవచ్చు. ఆమెకు ముందు వరుసలో పదిమంది ఉన్నారు. వారిలో ఎనిమిదిమంది బిడ్డలకు జలుబు, మామూలు జ్వరం. ఆమె బిడ్డ ఏడవడం లేదు. ఏడ్చే బిడ్డలే ముందు కంటపడే చోట, ఏడ్చే శక్తి లేని బిడ్డ వెనకబడిపోతుంది. ఆ రాత్రి విధుల్లో ఉన్న వైద్యునికి జ్ఞానం లేదని కాదు. బిడ్డ తన ఎదుటికి వస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు. రావడానికి పట్టే సమయం, వచ్చాక చేయవలసిన పనుల వరుస, ఆ పనులను ఎవరు చేయాలన్న నిర్ణయం, ఈ మూడూ ఆయన జ్ఞానానికి వెలుపల ఉన్నాయి.

పిల్లల శరీరధర్మం ఈ చిక్కును మరింత పెంచుతుంది. పెద్దవారిలో రక్తపోటు పడిపోవడాన్ని చూసి ప్రమాదాన్ని గుర్తించవచ్చు. పిల్లలలో రక్తనాళాలు కుంచించుకొని, గుండె వేగం పెరిగి, రక్తపోటును చాలాసేపు నిలబెడతాయి. అది పడిపోయిందంటే సమయం దాదాపు మించిపోయినట్లే. పైగా ప్రతి మందూ బరువును బట్టి ఇవ్వవలసిందే. దశాంశ బిందువు ఒక్క స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. అలసిన మనిషి జ్ఞాపకశక్తిపై ఇంత భారం మోపకూడదన్న ఎరుక నుండే చికిత్సామార్గాలు పుట్టాయి.

2. పదం – పరిధి:

'క్లినికల్ పాత్‌వే' అనే మాటకు తెలుగులో స్థిరపడిన సమానపదం లేదు. ఈ వ్యాసంలో 'చికిత్సామార్గం' అని వ్యవహరించడం జరిగింది. దీనిని మార్గదర్శకాల నుండి వేరుచేసి చూడాలి. ఒక వ్యాధికి ఏ చికిత్స మేలు చేస్తుందో, దానికి ఆధారం ఎంత బలమైనదో మార్గదర్శకాలు చెబుతాయి. అదే చికిత్సను ఒక నిర్దిష్ట ఆసుపత్రిలో ఎవరు, ఎన్ని నిమిషాలలో, దేని తర్వాత దేనిని చేయాలో చికిత్సామార్గం చెబుతుంది. మొదటిది శాస్త్రగ్రంథం వంటిదైతే రెండవది ప్రయోగవిధి వంటిది. మార్గదర్శకం దేశానికంతటికీ ఒకటే కావచ్చు. చికిత్సామార్గానికి మాత్రం ఊరు, వార్డు, అక్కడి సిబ్బంది సంఖ్య కావాలి.

ఈ భావనకు మూలం వైద్యంలో లేదన్నది గమనార్హం. 1950ల చివర అమెరికాలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు పెద్ద నిర్మాణపు పనులలో ఏది ఆలస్యమైతే మొత్తం పని ఆలస్యమవుతుందో లెక్కగట్టడానికి 'క్రిటికల్ పాత్' పద్ధతిని రూపొందించారు. 1980ల మధ్యలో బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ మెడికల్ సెంటర్‌లో నర్సింగ్ రంగానికి చెందిన కారెన్ జాండర్, ఆమె సహచరులు దానిని రోగుల సంరక్షణకు అన్వయించారు. ఆ తొలి పత్రాలలోనే ఒక ముఖ్యమైన ఏర్పాటు ఉంది. రాసిన క్రమం నుండి తొలగిన ప్రతిసారీ ఆ తొలగింపును, దాని కారణాన్ని నమోదు చేయాలి. అందువల్ల చికిత్సామార్గం వైద్యుని చేతులు కట్టివేస్తుందన్న విమర్శలో సగమే నిజం ఉంది. అది తొలగిపోవడాన్ని నిషేధించదు. కారణం చెప్పకుండా తొలగిపోవడాన్ని నిషేధిస్తుంది.

3. బ్లాంటైర్ అనుభవం:

అత్యవసర శిశువైద్యంలో క్రమానికి ఉన్న శక్తిని చూపే ఉదాహరణలలో మలావీ దేశానిది ముఖ్యమైనది. అక్కడి బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ ఆసుపత్రిలో అయిదేళ్లలోపు పిల్లల క్లినిక్ ఒకటి ఉండేది. టీకాలు, సాధారణ జబ్బులు, అత్యవసర చికిత్స అన్నీ అక్కడే. రద్దీ ఎక్కువ, సిబ్బంది తక్కువ. వరుసలో నిలబడే క్రమమే చికిత్స జరిగే క్రమం. ఎలిజబెత్ మాలినో, ఆమె సహచరులు 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ఈ క్లినిక్ మార్పును వివరించారు. క్లినిక్ గదుల అమరికను మార్చారు. రోగులు కదిలే దారిని మార్చారు. సిబ్బందికి ట్రయాజ్‌లో, అత్యవసర చికిత్సలో శిక్షణ ఇచ్చారు. పిల్లల వార్డుల నిర్వహణనూ సరిదిద్దారు. ఆసుపత్రిలో చేరిన పిల్లల మరణాలు అంతకుముందు 10 నుండి 18 శాతం వరకు ఉండగా, ఆ తర్వాత 6 నుండి 8 శాతానికి తగ్గాయి.

ఈ అంకెలను చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఇది ముందూ వెనకా పోల్చిన నివేదిక. అనేక మార్పులు ఒకే కాలంలో జరిగాయి కాబట్టి ఏ మార్పు ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేము. అయితే మార్పుల స్వభావమే ఆలోచింపజేస్తుంది. గది గోడలు, వరుస, చూసే క్రమం, వీటిని సరిచేయడమూ చికిత్సలో భాగమేనని బ్లాంటైర్ చూపింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 'ఎటాట్' విధానానికి మలావీలో జరిగిన కృషి పునాదులలో ఒకటి. అత్యవసర ట్రయాజ్, అంచనా, చికిత్స అన్న మూడు పనుల ఆంగ్ల నామాల పొడి అక్షరాల కూర్పే ఆ పేరు. దాని శిక్షణ పుస్తకం 2005లో వెలువడింది. వచ్చిన ప్రతి బిడ్డనూ అది మూడు వర్గాలుగా విభజిస్తుంది: తక్షణం చికిత్స అందవలసినవారు, వరుసలో ముందుకు తీసుకురావలసినవారు, వేచి ఉండగలవారు. మొదటి వర్గాన్ని గుర్తించడానికి చూడవలసినవి కొన్నే. శ్వాసమార్గం తెరిచి ఉందా, ఊపిరి కష్టంగా ఉందా, చేతులు చల్లబడ్డాయా, స్పృహ ఉందా, మూర్ఛ వస్తోందా, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందా. చేతులు చల్లగా ఉంటే గోరును నొక్కి వదిలి, తిరిగి ఎరుపెక్కడానికి మూడు సెకన్ల కంటే ఎక్కువ పడుతోందేమో చూస్తారు. దీనికి యంత్రమేదీ అక్కరలేదు.

ఆ పుస్తకంలో అంతగా చర్చకు రాని ఒక సూచన ఉంది. గేటు కాపలాదారు, చీటీలు రాసే గుమస్తా, ఊడ్చి శుభ్రం చేసేవారు కూడా ప్రమాద సూచికలను గుర్తించేలా శిక్షణ పొందాలని అది చెబుతుంది. బిడ్డను ఆసుపత్రిలో మొదట చూసేది వైద్యుడు కాదు గనుక ఈ సూచన పూర్తిగా సహేతుకం. ఆసుపత్రిలోని హోదాల వరుసను బిడ్డ అవసరాల వరుస తలకిందులు చేసింది. అమలులో ఇదే అన్నిటికంటే కష్టమైన భాగం కావచ్చు.

చికిత్స చెప్పే తీరులోనూ ఎటాట్ లేమిని లెక్కలోకి తీసుకుంది. మూర్ఛతోనో స్పృహ లేకుండానో వచ్చిన బిడ్డకు రక్తంలో చక్కెర పరీక్షించాలి, తక్కువగా ఉంటే సిర ద్వారా పది శాతం గ్లూకోజు ద్రావణం కిలో బరువుకు 5 మి.లీ. చొప్పున ఇవ్వాలి. పరీక్షించే వీలు లేకపోతే? చక్కెర తక్కువగా ఉన్నట్లే భావించి గ్లూకోజు ఇవ్వాలి. పరికరం లేకపోవడం చికిత్స ఆగిపోవడానికి కారణం కాకుండా, మార్గంలోనే ఒక శాఖగా మారింది. మంచి చికిత్సామార్గపు లక్షణాలలో ఇది ప్రధానమైనదని చెప్పవచ్చు.

4. గంట లెక్క – న్యూయార్క్:

వనరులు పుష్కలంగా ఉన్న చోట కూడా క్రమం తప్పుతుంది. 2012లో న్యూయార్క్‌లో పన్నెండేళ్ల బాలుడు రోరీ స్టాంటన్, ఆటలో తగిలిన చిన్న గాయం తర్వాత సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్‌కు శరీరం విపరీతంగా స్పందించి అవయవాలు దెబ్బతినే స్థితితో, మరణించాడు. వైద్య పరీక్ష జరిగింది, రక్తపరీక్షలూ జరిగాయి. ప్రమాదాన్ని మాత్రం సమయానికి గుర్తించలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్ రాష్ట్రం ప్రతి ఆసుపత్రీ సెప్సిస్‌ను గుర్తించి చికిత్స చేయడానికి లిఖిత విధానాన్ని పాటించాలని నిబంధనలు తెచ్చింది. అవి ఆ బాలుని పేరుతోనే వ్యవహారంలో ఉన్నాయి.

పిల్లల విషయంలో ఆ విధానం మూడు పనులను ఒక గంటలోపు కోరింది: రక్తాన్ని సూక్ష్మజీవుల కల్చర్ పరీక్షకు తీయడం, విస్తృత ప్రభావం గల యాంటీబయాటిక్ ఇవ్వడం, కిలో బరువుకు 20 మి.లీ. చొప్పున సెలైన్ వేగంగా ఎక్కించడం. 54 ఆసుపత్రులలోని 1,179 మంది పిల్లల వివరాలతో 2018లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. గంటలోపు మూడు పనులూ పూర్తయినది నలుగురిలో ఒక్కరికి మాత్రమే. అలా పూర్తయిన పిల్లలలో మరణావకాశ నిష్పత్తి మిగిలినవారితో పోలిస్తే 0.59గా తేలింది. అయితే మూడు పనులలో ఏ ఒక్కదానినీ విడిగా తీసుకొని చూస్తే గణాంక రీత్యా స్పష్టమైన మేలు కనబడలేదు.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. మూడు పనులూ కలిసినప్పుడే బలం వస్తుందన్నది మొదటిది. మూడింటినీ గంటలో పూర్తిచేయగల ఆసుపత్రి ఇతర విషయాలలోనూ మెరుగ్గా ఉంటుందన్నది రెండవది. పరిశీలనాత్మక అధ్యయనం ఈ రెండింటినీ విడదీయలేదు. ఏ విధంగా చదివినా మందు పేరు కంటే జట్టు పనితీరు మీదికే దృష్టి మళ్లుతుంది.

5. ఒకే సెలైన్, రెండు ఫలితాలు:

న్యూయార్క్ జాబితాలోని మూడవ పనిని మరింత నిశితంగా చూడవలసి ఉంది. ఆ నిబంధనలకు ముందే, 2011లో, ఉగాండా, కెన్యా, టాంజానియా దేశాలలో జరిగిన 'ఫీస్ట్' అధ్యయన ఫలితాలు వెలువడ్డాయి. కాథరిన్ మెయిట్‌లాండ్ నాయకత్వంలోని బృందం తీవ్రమైన జ్వరంతో, రక్తప్రసరణ మందగించిన లక్షణాలతో వచ్చిన పిల్లలను యాదృచ్ఛికంగా విభజించింది. కొందరికి సెలైన్ వేగంగా ఎక్కించారు, కొందరికి అల్బుమిన్ ద్రావణం, మరికొందరికి నెమ్మదిగా అందే సాధారణ ద్రవాలే. వాంతులు, విరేచనాల వల్ల నీరు కోల్పోయిన పిల్లలనూ, తీవ్ర పోషకాహార లోపం ఉన్నవారినీ ఇందులో చేర్చుకోలేదు. ప్రధాన విభాగంలోని 3,141 మంది పిల్లలలో 48 గంటల లోపు మరణాలు సెలైన్ పొందినవారిలో 10.5 శాతం, అల్బుమిన్ పొందినవారిలో 10.6 శాతం. వేగంగా ద్రవం ఎక్కించనివారిలో 7.3 శాతం. అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపివేశారు.

దశాబ్దాలుగా మేలు చేస్తుందని నమ్మిన చికిత్స హాని చేసింది. ఆ పిల్లలలో ఎందరో మలేరియాతో, తీవ్ర రక్తహీనతతో ఉన్నారు. ఊపిరి ఆడకపోతే కృత్రిమ శ్వాస ఇచ్చే యంత్రాలు ఆ ఆసుపత్రులలో అందుబాటులో లేవు. హాని కలిగిన తీరుపై చర్చ ఇంకా ముగియలేదు. ఆచరణలో మాత్రం మార్పు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఎటాట్‌ను సవరించింది. చల్లని చేతులు, మూడు సెకన్లు దాటిన రక్తపు తిరుగుదల, బలహీనమైన వేగపు నాడి, ఈ మూడూ కలిసి ఉంటేనే షాక్‌గా పరిగణించాలని, అప్పుడు కూడా కిలోకు 10 నుండి 20 మి.లీ. ద్రవాన్ని 30 నుండి 60 నిమిషాల వ్యవధిలో ఇవ్వాలని సూచించింది.

2020లో పిల్లల సెప్సిస్‌పై వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇంకొక అడుగు ముందుకు వేశాయి. ఇంటెన్సివ్ కేర్ సౌకర్యం ఉన్న వ్యవస్థలలో మొదటి గంటలో కిలోకు 40 నుండి 60 మి.లీ. వరకు, ఒక్కొక్క విడత 10 నుండి 20 మి.లీ. చొప్పున, బిడ్డ స్పందనను గమనిస్తూ ఇవ్వవచ్చు. ఆ సౌకర్యం లేని చోట, రక్తపోటు పడిపోనంతవరకు వేగంగా ద్రవం ఎక్కించకూడదు. బిడ్డ లక్షణాలు అవే. మారినది ఆసుపత్రి. 'పక్క వార్డులో ఏముంది?' అన్న ప్రశ్న వైద్యశాస్త్రంలోని షరతుగా మారింది. ఫిలడెల్ఫియా, సియాటెల్ పిల్లల ఆసుపత్రులు తమ చికిత్సామార్గాలను ఎవరైనా చదువుకునేలా అంతర్జాలంలో ఉంచడం మెచ్చదగిన పని. వాటిని దించుకొని, పైన పేరు మార్చి, గోడకు అంటించుకునే ఆసుపత్రికి ఈ షరతు గుర్తుండాలి.

6. తేలు కుట్టిన బిడ్డ:

భారతదేశంలో శిశువ్యాధుల నిర్వహణకు ఆసుపత్రి స్థాయిలో ఇచ్చే ఎఫ్-ఐఎంఎన్‌సీఐ శిక్షణలో ఎటాట్ విధానం భాగమైంది. అందువల్ల స్థలానికి తగిన మార్పు అన్న ప్రశ్న తెలుగు ప్రాంతాలకూ నేరుగా సంబంధించినదే. దీనికి తేలు విషం తగిన ఉదాహరణ.

దక్కను మెట్టప్రాంతాలలో కనిపించే ఎర్ర తేలు కుట్టినప్పుడు విషం నాడీవ్యవస్థను ఉద్రేకపరచి, రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. బిడ్డకు వాంతులు, విపరీతమైన చెమట, వేగంగా కొట్టుకునే గుండె, మంచులా చల్లబడిన కాళ్లూ చేతులూ. ఎటాట్ జాబితా ప్రకారం చూస్తే ఇవి షాక్ లక్షణాలకు దగ్గరగా ఉన్నాయి. కానీ ఇక్కడ గుండె ఇప్పటికే అలసిపోతూ, ఊపిరితిత్తులలో నీరు చేరే స్థితికి చేరువవుతూ ఉంటుంది. అనాలోచితంగా వేగంగా ఎక్కించిన సెలైన్ ఆ ప్రమాదాన్ని దగ్గరకు తెస్తుంది. మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తనాళాల బిగువును సడలించే ప్రాజోసిన్ మాత్ర ఈ స్థితిలో పనిచేస్తుందని గ్రామీణ ఆసుపత్రిలో గమనించి, 1986లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల చొప్పున నోటి ద్వారా ఇచ్చే ఈ మందు ఖరీదైనది కాదు. తర్వాతి కాలంలో తేలు విషానికి విరుగుడు సీరం కూడా చికిత్సలో చేరింది. ఒక చిన్న ఊరి వైద్యుని పరిశీలన దేశమంతటి ఆచరణను మార్చిన అరుదైన సందర్భమిది. దీనికి రావలసినంత ప్రచారం తెలుగులో రాలేదు.

బోస్టన్‌లో రాసిన మార్గంలో ఈ శాఖ ఉండే అవకాశం తక్కువ. బ్లాంటైర్ మార్గాన్ని యథాతథంగా తెచ్చుకున్నా అదే స్థితి. రాయలసీమలోనో పాలమూరులోనో పనిచేసే అత్యవసర విభాగానికి, చేతులు చల్లబడిన బిడ్డకు సెలైన్ సీసా తగిలించే ముందు 'ఏదైనా కుట్టిందా?' అన్న ఒక్క ప్రశ్న మార్గంలో అచ్చయి ఉండాలి. మంత్రం వేయించడానికి ఎక్కడైనా ఆగారా, ఎంతసేపు ఆగారు అన్నది దాని వెంటే రావలసిన ప్రశ్న. దానిని నింద ధ్వనించకుండా అడగాలి, లేకపోతే నిజమైన సమాధానం రాదు. వానాకాలంలో డెంగ్యూ విషయంలోనూ ద్రవాల లెక్క వేరుగా ఉంటుంది. అక్కడ రక్తపోటు నిలిచి ఉన్నంతవరకు గంట గంటకూ కొలిచి, తగ్గిస్తూ ఇవ్వడమే ప్రధానం.

7. తల్లి మాట:

చికిత్సామార్గం అనగానే మందులు, సూదులు గుర్తుకు వస్తాయి గాని, అనవసరమైనదానిని ఆపడం కూడా దాని పనే. తలకు దెబ్బ తగిలిన పిల్లలలో సీటీ స్కాన్ ఎవరికి అక్కరలేదో తేల్చడానికి అమెరికాలోని పీకార్న్ పరిశోధక బృందం 42,412 మంది పిల్లలను పరిశీలించి 2009లో నియమాలను ప్రకటించింది. స్కాన్ వల్ల లేత మెదడుకు తగిలే రేడియేషన్‌ను తగ్గించడం దాని లక్ష్యం. రెండేళ్లలోపు పిల్లలకు అది చెప్పిన ఆరు అంశాలలో ఒకటి ఆసక్తికరమైనది. బిడ్డ ఎప్పటిలా లేదని తల్లిదండ్రులకు అనిపించడం. పుర్రె పగులు, స్పృహ కోల్పోవడం వంటి అంశాల సరసన తల్లి అనుమానం సమాన హోదాతో నిలిచింది. వేలమంది పిల్లల గణాంకాలు ఆ మాటకు విలువ ఉందని తేల్చాయి.

అయితే తల్లి ఏ మాటతో చెబుతుంది? ఇక్కడ భాషాపరిశోధకులకు పని ఉంది. న్యుమోనియాలో ఊపిరి పీల్చినప్పుడల్లా బిడ్డ ఛాతీ దిగువభాగం లోపలికి పోతుంది. ఇంగ్లీషు పత్రాన్ని మాటకు మాట తెలిగిస్తే వచ్చే 'ఛాతీ లోనికి లాగబడుట' అన్న ప్రయోగం ఏ తల్లి నోటా వినబడదు. ఆమె 'డొక్కలు ఎగరేస్తున్నాడు' అంటుంది. ఈ మాటలో వ్యాధిలక్షణం సంపూర్ణంగా ఉంది. గుమస్తా దానిని 'ఆయాసం' అని రాసుకుంటే సగం సమాచారం పోతుంది. 'దగ్గు' అని రాసుకుంటే మొత్తం పోతుంది. ప్రాంతాన్ని బట్టి ఇటువంటి మాటలు మారుతాయి కాబట్టి, ఏ జిల్లాలో మూర్ఛను, మగతను, పాలిపోవడాన్ని, మూత్రం తగ్గడాన్ని ఏ పదాలతో చెబుతారో సేకరించిన పట్టిక ఏదైనా ఆ జిల్లా ట్రయాజ్ పత్రానికి అనుబంధం కాదు, అందులో అంతర్భాగం. తెలుగు శాఖలలో మాండలిక పదసేకరణకు వ్యవసాయం, చేతివృత్తులు చిరకాలంగా క్షేత్రాలు. ఆసుపత్రి వరుస కూడా అటువంటి క్షేత్రమే.

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట బహుశా 'నిద్రపోతున్నాడు'. స్పృహను అంచనా వేయడానికి ఎటాట్ నాలుగు మెట్లు చెబుతుంది: మెలకువగా ఉండటం, పిలిస్తే పలకడం, నొప్పికి మాత్రమే కదలడం, దేనికీ కదలకపోవడం. చివరి రెండు మెట్లలో ఉన్న బిడ్డ ఒక్క నిమిషం కూడా వరుసలో ఉండరాదు. రాత్రి రెండు గంటలకు భుజాన ఉన్న బిడ్డను గురించి అడిగితే తల్లి చెప్పే సహజమైన జవాబు నిద్రపోతున్నాడనే. ఆమె అబద్ధం చెప్పడం లేదు, భయాన్ని దాచుకుంటోంది. గేటు దగ్గర ఉన్న మనిషి అప్పుడు అడగవలసిన తర్వాతి ప్రశ్న, 'లేపితే లేస్తున్నాడా అమ్మా? ఒకసారి పేరు పెట్టి పిలువు.' ఇంగ్లీషు పత్రంలో ఈ వాక్యం లేదు. తెలుగు పత్రంలో దానికి ఒక ప్రత్యేకమైన గడి ఉండాలి.